నిరంతర యాజకుడు – హతసాక్షి: తెలుగు క్రైస్తవ పరిభాషపై ఒక విమర్శ

క్రైస్తవ ధర్మమున క్రీస్తుయొక్క నిత్యయాజకత్వము, ఆదిమ విశ్వాసుల సాక్ష్యమరణము అను రెండు విషయములును సాధారణముగ వేర్వేరు ప్రకరణములందు చర్చింపబడుచుండును. మొదటిది హెబ్రీ పత్రిక వ్యాఖ్యాతల పాలికిని, రెండవది సంఘచరిత్రకారుల పాలికిని విడువబడినది. అయినను మొదటి మూడు శతాబ్దుల క్రైస్తవ రచనలను పరిశీలించినచో ఈ రెండును ఒకే దారమున గ్రుచ్చబడిన పూసలని తెలియగలదు. తెలుగు క్రైస్తవ పరిభాషలో ఆ దారము కానరాదు. యాజకుడు అను మాటకును హతసాక్షి అను మాటకును గల సంబంధమేమియో సామాన్య పాఠకునకు స్ఫురింపదు. ఆ సంబంధమును విచారించి, అనువాదకులు ఎన్నుకొనిన పదములు భావమును ఎంతవరకు మోయగలిగినవో, ఎచ్చట జారవిడిచినవో నిర్ణయించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ విచారణకు కర్ణాటకములోని తెలుగు సీమ తగిన చోటు. బాగేపల్లి తాలూకాలోని గూళూరు, దాని చుట్టుప్రక్కల పల్లెలు, చింతామణి ప్రాంతము, ఇవన్నియు 2007లో కోలారు జిల్లానుండి విడివడిన చిక్కబళ్ళాపుర జిల్లాలోనివి. ఇచ్చట ఇంటిభాష తెలుగు, రాజభాష కన్నడము. సంతలో ఉర్దూ వినబడును. తమిళదేశమును దూరము కాదు. ఒక సత్యముకొరకు ప్రాణమిచ్చినవానికి ఈ సీమలో ఒక్కటే పేరు లేదు. తెలుగు క్రైస్తవుడు హతసాక్షి యనును. కన్నడము చదివినవాడు హుతాత్మ యనును. ఉర్దూ మాటాడువాడు షహీదనును. కథోలిక సంప్రదాయమువాడు వేదసాక్షి యనును. ఒకే భాషలో పెరిగినవానికి తన మాట విచారింపనక్కరలేని సహజపదముగ తోచును. నాలుగు మాటలు ఒక్కచోట వినువానికి మాత్రము ఏ మాట ఏమి చెప్పుచున్నది, ఏమి చెప్పక విడుచుచున్నది అను ప్రశ్న తప్పదు.

గురువు, అర్చకుడు, యాజకుడు

18వ శతాబ్ది ఆరంభమున పుదుచ్చేరినుండి వచ్చిన ఫ్రెంచి జెసూట్ సన్న్యాసుల కర్ణాటక మిషను పుంగనూరు, చిక్కబళ్ళాపురము, కృష్ణాపురము మొదలగు తావుల తెలుగు క్రైస్తవ సంఘములను నెలకొల్పినది. లె గాక్, కూర్దూ మున్నగువారు తెలుగు నేర్చి ఆ భాషలోనే బోధించిరి. వారి సంప్రదాయమున పూజ నడపు వ్యక్తికి స్థిరపడిన పేరు గురువు. ఈ యెన్నిక అకారణము కాదు. కాషాయము ధరించి, మాంసము విడిచి, సన్న్యాసివలె బ్రతికినవానిని జనులు గురువనియే గుర్తింపగలరు. పైగా ఈ సీమ గురుభక్తికి పుట్టినిల్లు. చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన నారేయణ యోగి తెలుగు రచనలు నేటికిని పాడబడుచున్నవి. వానియందు గురుశబ్దమునకు గల గౌరవము తెలిసినదే. కాని గురువు ఉపదేశించువాడు, త్రోవ చూపువాడు. బలి నర్పించుట అతని ధర్మము కాదు. కావున గురుశబ్దము ఆదరమును తెచ్చినది గాని అర్పణమును తేలేదు.

ప్రొటెస్టంటు మిషనరీలు వేరొక దారి పట్టిరి. విశాఖపట్టణమున దే గ్రాంజ్ మొదలిడిన అనువాదములో మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చైనవి. అటుపిమ్మట శతాబ్దము పొడవున సాగిన సవరణలలో యాజకుడు, ప్రధానయాజకుడు అను పదములు పాదుకొన్నవి. కథోలిక అనువాదమున ప్రధానార్చకుడు అను మాట కూడ కలదు. అర్చకుడు దేవాలయమున మూర్తిని పూజించువాడు; యెరూషలేము ఆలయమున మూర్తియే లేదు. పురోహితుడు గృహస్థుల శుభాశుభములు నడపువాడు. హెబ్రీ భాషలోని కోహెను, గ్రీకులోని హియెరెయుస్, బలిపీఠముకడ నిలిచి ప్రజలకొరకు అర్పణము చేయువాడు. యజ్ ధాతువునుండి పుట్టిన యాజకపదము దీనికి మిక్కిలి దగ్గరిది. ఇతరులచేత యజ్ఞము చేయించు ఋత్విజుడు యాజకుడు. ఎవని ఫలముకొరకు యజ్ఞము జరుగునో వాడు యజమానుడు. ఒకడు మరియొకనికొరకు నిలుచుట అను భావము ఈ పదమున సిద్ధముగనే యున్నది. ఇంగ్లీషున సంఘపు పెద్దకును బలి నర్పించువానికిని ఒక్కటే మాట వాడుటవలన కలిగిన చిక్కు తెలుగున లేదు. గ్రీకులో ప్రెస్బుతెరోస్ అనబడినవాడు తెలుగు ప్రొటెస్టంటు అనువాదమున పెద్ద, వేరొకడు యాజకుడు. ఇది అనువాదకుల వివేకము.

అయితే యాజకపదమునకు ఒక బరువు కూడ కలదు. యాజనము ధర్మశాస్త్రములు బ్రాహ్మణునకు విధించిన షట్కర్మలలో నొకటి, దక్షిణతోడి జీవిక. కావున తెలుగు చెవికి యాజకుడనగానే జన్మచే వచ్చిన అధికారము తోచును. హెబ్రీ పత్రిక తర్కమంతయు సరిగా ఈ భావముతోడనే పోరాడుచున్నది.

హెబ్రీ పత్రికలోని వాదము

క్రొత్త నిబంధనలో యేసును యాజకుడని పేర్కొనిన గ్రంథము హెబ్రీ పత్రిక యొక్కటియే. నాలుగు సువార్తలలో ఎచ్చటను ఆయనకు ఆ బిరుదము లేదు. ఉండుటకును వీలు లేకుండెను. యెరూషలేమున యాజకత్వము లేవి గోత్రమునకు చెందినది. యేసు యూదా గోత్రీయుడు. పత్రికాకర్త ఈ యడ్డంకిని దాచలేదు. దానినే తన వాదమునకు పునాదిగ చేసికొనెను. ఆదికాండము 14వ అధ్యాయమున అబ్రాహామునకు రొట్టెయు ద్రాక్షారసమును తెచ్చి యాశీర్వదించిన మెల్కీసెదెకు కనబడును. అతని తండ్రి యెవరో, తల్లి యెవరో, వంశమేదో ఆ కథ చెప్పదు. 110వ కీర్తన రాజును ఆ క్రమమునకు చెందిన నిత్యయాజకునిగ పేర్కొనును. ఈ రెంటిని జోడించి పత్రికాకర్త, వంశావళిపై నిలుచు యాజకత్వమునకు పూర్వమే, దానికంటె ఘనమైనది, వంశావళి లేనిది యొకటి కలదని నిరూపించెను. క్రీస్తు యాజకత్వము పుట్టుకవలన కలిగినది కాదు. నాశములేని జీవముయొక్క బలమున కలిగినది.

తెలుగు అనువాదమున ఈ నిత్యత్వమునకు నిరంతర శబ్దము వాడబడినది. నిత్యమనినను సరిపోయెడిదే, కాని నిరంతరమను మాట వాదమునకు మిక్కిలి అనుకూలించినది. అంతరమనగా ఎడము. లేవీయ యాజకులు అనేకులు కావలసివచ్చుటకు కారణము మరణమని పత్రికాకర్త చెప్పుచున్నాడు. ఒకడు చనిపోవును, మరియొకడు వచ్చును. ఇద్దరినడుమ మృత్యువు కల్పించు ఎడము ఉండును. మరణమును దాటినవాని యాజకత్వమునకు అట్టి యెడము లేదు. గ్రీకు మూలమున ఇదే సందర్భమున వచ్చు అపరబతోస్ అను విశేషణమునకు మార్పులేనిదనియు, మరియొకనికి సంక్రమింపనిదనియు రెండర్థములు పండితులు చెప్పుదురు. తెలుగు అనువాదము మొదటి యర్థమును గైకొన్నది. రెండవ యర్థము స్ఫురించియుండినచో, ఈ యాజకత్వము ఏ వారసునికిని దక్కునది కాదను సంగతి మరింత స్పష్టమయ్యెడిది.

వాదమున రెండవ మెట్టు మరింత గంభీరము. ఈ యాజకుడు అర్పించినది గొఱ్ఱెల రక్తమును మేకల రక్తమును కాదు, తన్నుతానే. యాజకుడు, యజ్ఞద్రవ్యము ఒక్కటైనపుడు దక్షిణకు చోటు లేదు, రెండవ యజ్ఞమునకు అవసరము లేదు. అందుచేతనే పత్రికాకర్త ఒక్కసారియే అను మాటను మరల మరల నొక్కి చెప్పెను. మిగిలిన యాజకులు దినదినము నిలిచి సేవ చేయుచుందురు. ఈయన పని ముగించి ఆసీనుడైనాడు. ఇంతటితో వాదము ముగిసినట్లే. కాని ఈ యొక్కసారి యను మాటయే తరువాతి తరమునకు ఒక కఠిన ప్రశ్నను మిగిల్చినది. బలి ముగిసిపోయినచో, ఆయన నామమున అగ్నిలోను మృగముల నోటను పడినవారి రక్తమునకు అర్థమేమి?

సాక్షి యను మాట కథ

గ్రీకులో మార్తుస్ అనగా న్యాయస్థానమున తాను కన్నదానిని చెప్పువాడు. చావుతో ఆ పదమునకు సంబంధము లేదు. అపొస్తలుల కార్యములలో సాక్షులు ప్రధానముగ పునరుత్థానమును చూచి చెప్పినవారు. ఆ గ్రంథములోనే స్తెఫను రక్తము చిందిన ప్రసంగమున అతడు సాక్షియని పేర్కొనబడెను. ప్రకటన గ్రంథమున పెర్గమువాడైన అంతిప విశ్వాసపాత్రుడగు సాక్షిగ చంపబడెను. ఆ గ్రంథారంభమునందే క్రీస్తునకు విశ్వసనీయ సాక్షి యను బిరుదము కలదు. ఆ వెంటనే విశ్వాసులు దేవునికి యాజకులుగ చేయబడిరని కూడ చెప్పబడినది. అనగా సాక్ష్యము, యాజకత్వము అను రెండు భావములును పక్కపక్కనే నిలిచియున్నవి.

వ్యాప్తిలోనున్న తెలుగు అనువాదమున స్తెఫను, అంతిప సాక్షులుగనే యున్నారు. 17వ అధ్యాయమున, మత్తిల్లిన స్త్రీ దర్శనమున మాత్రము హతసాక్షులను మాట వచ్చినది. మూడు చోట్లను గ్రీకు పదమొక్కటియే. హతసాక్షి యను సమాసము చక్కగ కుదిరినదే. తమిళమున, మలయాళమున వాడుకలోనున్న రక్తసాక్షి వంటిదే యిది. కాని సమాసమున ముందు నిలిచినది హతశబ్దము. వినువాని మనస్సు చంపబడుటమీదికి పోవును. చెప్పినదేమి అను ప్రశ్న వెనుకబడును. వేదసాక్షి యను మాటలో వేదమనగా మతము, దైవోక్తి. 17వ శతాబ్ది ఆరంభమున మధురలో రాబర్ట్ దె నోబిలి ప్రవర్తింపజేసిన పరిభాషకు చెందిన అర్థమిది. 1752లో చంపబడి 2022లో పునీతుడుగ ప్రకటింపబడిన దేవసహాయము పిళ్ళకు దక్షిణదేశమున నున్న పేరు ఇట్టిదే. ఇందు చావు ప్రసక్తి లేదు. దేనికి సాక్షి యను విషయము కలదు. పదముగ చూచినచో మూలమునకు ఇదియే సన్నిహితము. ఉర్దూలోని షహీద్ అను అరబీ పదమునకును మూలార్థము సాక్షియే యగుట గమనింపదగినది. ఎవరినుండి యెవరు గ్రహించిరను చర్చ యిచట అవసరము లేదు; రెండు మతములవారును ప్రాణత్యాగమున ముందు మాటను చూచిరి, పిమ్మట చావును చూచిరి.

కన్నడమున వ్యాప్తమైన హుతాత్మ వేరు జాతి పదము. హుతమనగా అగ్నిలో వేల్చబడినది. 1938 ఏప్రిల్ 25న గౌరిబిదనూరు తాలూకాలోని విదురాశ్వత్థమున ధ్వజ సత్యాగ్రహ సందర్భమున జరిగిన పోలీసు కాల్పులలో మరణించినవారిని ఈ జిల్లావారు హుతాత్ములనియే స్మరింతురు. దేశముకొరకు తన్ను ఆహుతి చేసికొనినవాడని దాని భావము. హత, హుత శబ్దములకు భేదము ఒక్క యచ్చు మాత్రమే. అర్థమున ఎంతయో దూరము. హతుడు ఇతరులచే చంపబడినవాడు, హుతుడు అర్పింపబడినవాడు. హతసాక్షి యందు సాక్ష్యము కలదు గాని అర్పణము లేదు. హుతాత్మయందు అర్పణము కలదు గాని సాక్ష్యము లేదు. ఆదిమ సంఘము ఈ రెంటిని ఎట్లు కలిపి చూచినదో, కలిపియు ఎట్లు వేరుపరచినదో తెలిసికొనుటకు స్ముర్న పట్టణమునుండి వచ్చిన లేఖ యాధారము.

పొలికార్పు చితికడ

సుమారు క్రీ.శ. 155–156 ప్రాంతమున స్ముర్న సంఘాధ్యక్షుడైన పొలికార్పు సజీవదహన శిక్షకు గురియయ్యెను. ఆ వృత్తాంతమును స్ముర్న సంఘము ఫిలొమేలియము సంఘమునకు లేఖగ వ్రాసి పంపినది. క్రీస్తును దూషించి విడుదల పొందుమని అధికారి కోరినపుడు 86 ఏండ్లు సేవించిన ప్రభువును దూషింపలేనని యా వృద్ధుడు నిరాకరించెను. కట్టబడిన అతనిని లేఖకులు మందనుండి యేరి తెచ్చిన పొట్టేలితో పోల్చిరి. చితిపై అతడు చేసినట్లు చెప్పబడిన ప్రార్థనలో తాను అంగీకృతమైన బలిగ చేరవలెనను కోరిక యున్నది. ఇంతవరకు చూచినచో అతడు హుతాత్ముడే. కాని ఆ ప్రార్థన క్రీస్తును నిత్యుడు, పరలోకవాసియునగు ప్రధానయాజకునిగ పేర్కొని, ఆయనద్వారానే దేవునికి మహిమ చెల్లించుచున్నది. అర్పింపబడువాడు పొలికార్పు, అర్పించు యాజకుడు మాత్రము అతడు కాడు. తన మరణమునకు తానే పురోహితుడు కాగోరలేదు. ఫిలిప్పీయులకు అతడు వ్రాసిన లేఖలో కూడ క్రీస్తునకు నిత్యయాజకుడను పేరు కలదు. కావున ఇది చితికడ పుట్టిన అలంకారము కాదు, జీవితమంతయు పలికిన మాట.

అదే లేఖలోని మరి రెండు విషయములు విమర్శకునకు అమూల్యములు. ఫ్రుగియవాడైన క్వింతు అనునతడు తనంతట తాను ముందుకు పోయి, ఇతరులను కూడ పురికొల్పి, మృగములను చూచినంతనే భయపడి బలి చేసెను. అట్లు తమ్ముతాము అప్పగించుకొనువారిని మెచ్చుకొనమని సంఘము స్పష్టముగ వ్రాసినది. చావును వెదకికొనుట సాక్ష్యము కాదు. రెండవది, క్రీస్తును ఆరాధింతుము, సాక్షులను శిష్యులుగ ప్రేమింతుమను తారతమ్యము. హెబ్రీ పత్రిక విడిచిన ప్రశ్నకు ఇచ్చట సమాధానము దొరకినది. సాక్షి మరణము రెండవ బలి కాదు. ముగిసిన బలికి అది ప్రమాణము. ఆ యాజకుడు ఇంకను జీవించియున్నాడను వాక్యమునకు ఒడలితో చేసిన సంతకము.

స్తెఫను చూచిన దర్శనమునందును ఈ భావమే కలదు. హెబ్రీ పత్రిక ఆసీనునిగ చూపినవానిని స్తెఫను నిలుచుండగ చూచెను. ఇది విరోధముగ తోచవచ్చును. కాని తన పక్షమున సాక్ష్యమిచ్చుటకు న్యాయస్థానమున లేచి నిలిచిన ఉత్తరవాదిగ పూర్వవ్యాఖ్యాతలు దీనిని గ్రహించిరి. బలివిషయమున పని ముగిసినది గనుక కూర్చుండెను. విజ్ఞాపనవిషయమున పని ముగియలేదు గనుక నిలిచెను. భూమిమీద సాక్షి క్రీస్తును ఒప్పుకొనుచుండగ, పరమున యాజకుడు సాక్షిని ఒప్పుకొనుచున్నాడు.

పుట్టుకలేని గౌరవము, దాని హద్దు

క్రీ.శ. 177లో గాలియా దేశపు లుగ్దూనము, వియెన్న సంఘములు పంపిన లేఖను యూసేబియు తన సంఘచరిత్రమున భద్రపరచెను. తొంబది యేండ్లు దాటిన అధ్యక్షుడు పొథీను చెరసాలలో మరణించెను. కాని ఆ లేఖలో అందరికంటె ఉన్నతముగ వెలిగినది బ్లాందీనా యను దాసి. మ్రానికి వ్రేలాడదీయబడిన ఆమెయందు తోడివారు సిలువపై నున్నవానినే చూచిరట. 203 మార్చి 7న కార్తేజిలో మరణించిన పెర్పెతువా చంటిబిడ్డ తల్లి; ఆమెతో కూడ మరణించిన ఫెలిసితా దాసి. పెర్పెతువా చెరలో తాను వ్రాసికొనిన వృత్తాంతము నేటికిని నిలిచియున్నది. వీరిలో ఎవరును ఏ యాజకవంశమునకును చెందినవారు కారు. వంశావళి లేని యాజకునికి వంశావళి లేనివారు సాక్షులగుట యాదృచ్ఛికము కాదు. ఒకే సిద్ధాంతమునకు రెండు ముఖములు.

యాజకపదము పుట్టుకను స్ఫురింపజేయు తెలుగు దేశమున ఈ సంగతికి మిక్కిలి ప్రాధాన్యము కలదు. తెలుగు క్రైస్తవ సంఘములలో అధికసంఖ్యాకులు ఊరివెలుపల నుంచబడిన కులములనుండి వచ్చినవారు. యేసు గవినివెలుపల శ్రమపడెనని హెబ్రీ పత్రిక చెప్పి, పాఠకులను అక్కడికే పొమ్మని పిలుచుచున్నది. ఆ పిలుపు వీరికి అలంకారముగ కాక ఊరి పొలిమేరగ వినబడియుండును. అనువాదకులు యాజకపదమును గైకొనుటవలన పుట్టుకతో ముడిపడిన మాట పుట్టుకలేనివానికి చెందినది. ఇది ఆ పదమునకు కలిగిన సంస్కారమని చెప్పవచ్చును.

అయినను ఆదిమ సంఘము ఈ గౌరవమునకు హద్దు నేర్పరచవలసివచ్చినది. లుగ్దూనపు బందీలు తమ్ము మార్తుస్ అని పిలువనీయలేదు. ఆ పేరు విశ్వసనీయ సాక్షియైన క్రీస్తునకును, సాక్ష్యము ముద్రితమై వెడలిపోయినవారికిని చెల్లునని చెప్పి, తమ్ము ఒప్పుకొనువారనియే చెప్పుకొనిరి. 235 ప్రాంతమున ఒరిగెను, ప్రధానయాజకుడు తన్ను అర్పించుకొనినట్లే ఆయన క్రింది యాజకులగు సాక్షులును తమ్ము అర్పించుకొందురని వ్రాసెను. హిప్పొలితునకు ఆరోపింపబడిన అపొస్తలిక సంప్రదాయము, విశ్వాసముకొరకు సంకెలలు ధరించినవానికి హస్తనిక్షేపము లేకయే పెద్దల గౌరవము కలదని విధించినది. ఇది ముదిరి, డెసియు చక్రవర్తి కాలపు హింసానంతరము, 250 ప్రాంతమున కార్తేజిలో వివాదమైనది. భయపడి దేవతలకు బలి చేసినవారికి, చెరలో నిలిచినవారు క్షమాపత్రికలు వ్రాసి యిచ్చుచుండిరి. వారి ధైర్యమును కొనియాడుచునే, క్షమాధికారము వారి సొత్తు కాదని సిప్రియాను వారించెను. 258లో అతడును శిరచ్ఛేదము పొందెను గనుక ఆ వారింపు పిరికివాని మాట కాదు. ధీరుని శ్రమ ఎంత గొప్పదైనను మధ్యవర్తిత్వము ఒక్కనిదే. యాజకత్వము సంక్రమింపనిదను అర్థము ఇచ్చట ఆచరణలో పరీక్షింపబడినది.

తెలుగు వాఙ్మయమున

తెలుగు క్రైస్తవ కావ్యసంప్రదాయము మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనమునుండి, పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలమీదుగ, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందిన జాషువా క్రీస్తు చరిత్ర వరకును, అటుపైనను సాగినది. కావ్యము కథను కోరును; కథ సువార్తలయందున్నది; సువార్తలలో యేసు బలి యగును గాని యాజకుడని పిలువబడడు. కావున కరుణరసమునకు ఆలంబనముగ సిలువయే ప్రధానమగుట సహజము. నిరంతర యాజకత్వము కథ కాదు, తర్కము; దానికి నాటకీయత లేదు. ఈ కారణమున అది ప్రసంగవేదికకు పరిమితమై, కావ్యభాషలో వేరూనుటకు తావు తక్కువైనది. ఆదిమ సాక్షుల చరిత్రలును పాఠశాలలలో చిన్న కథలుగ మిగిలినవే గాని ఉదాత్త రచనకు వస్తువగుట అరుదు. కథ గల సాక్షిని, కథ లేని యాజకుని కలిపినచో రెంటి కొరతయు తీరును. పొలికార్పు చితి యట్టి వస్తువు.

పదములవిషయమున నిర్ణయము క్లుప్తముగ చెప్పవచ్చును. యాజకపదము నిలువదగినది, దానిలోని పుట్టుకవాసనను మెల్కీసెదెకు ప్రకరణము కడిగివేయును, బోధించువాడు ఆ ప్రకరణమును విడువకున్నచో. నిరంతర శబ్దము అనువాదకుల సంపాదనలో నొకటి. హతసాక్షి పదము నిర్దోషము కాకున్నను పాదుకొనిన మాట, దానిని త్రోసివేయనక్కరలేదు. కాని అందు రెండవ భాగము మొదటిదానికంటె బరువైనదని గుర్తుంచుకొనవలెను. చంపబడినవారందరును సాక్షులు కారు, సాక్షులందరును చంపబడలేదు. హుతాత్మ శబ్దమును విని అలవాటుపడిన సరిహద్దు తెలుగువాడు దానిలోని అర్పణభావమును హతసాక్షికి అరువిచ్చుకొనవచ్చును, అర్పించు హస్తము వేరొకనిదని మరువకుండిన చాలును. ఆ హస్తము గాయపడిన హస్తమని హెబ్రీ పత్రిక వాదము. ఆ వాదము నిజమని చెప్పి ముసలివాడైన అధ్యక్షుడును, దాసియైన స్త్రీయును, చంటిబిడ్డ తల్లియు వెడలిపోయిరి. ఆ సాక్ష్యమును చెడకుండ మోయగల మాటను నిలుపుకొనుట తెలుగు అనువాదకులయొక్కయు, బోధకులయొక్కయు బాధ్యత.